కస్టమర్‌ని తెలుసుకోవడం, 4వ పాఠం: 24 శాతం ఉన్నావిడని ఎందుకు వదిలేశారు?

పోయిన పాఠం చివర, ఒక కంపెనీకి బెనిఫిషియల్ ఓనర్ (కాగితాల మీద ఎవరి పేరున్నా, చివరికి కంపెనీ ఎవరిదో, ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి) ఎవరో తేల్చమని ఇచ్చిన లెక్క చాలామందికి తప్పింది. అందుకని ఈసారి చెప్దామనుకున్న రికార్డుల సంగతి పక్కన పెడుతున్నా (కనీసం 5 ఏళ్లు దాచాలని ఎఫ్‌ఏటీఎఫ్, అంటే నల్లడబ్బు చలామణీని ఆపడానికి దేశాలకి ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ, అంటుంది, ఇప్పటికి అది చాలు). ఐడీ తీసుకోవడం, అడ్రస్ సరిచూసుకోవడం మీకు వచ్చినవే.

లెక్క మళ్లీ చూడండి. కస్టమర్ 'అ' కంపెనీ. అందులో 'ఆ' కంపెనీకి 60 శాతం, 'ఇ' కంపెనీకి 40 శాతం. 'ఆ'లో మొదటాయన, రెండో ఆయన చెరి సగం. 'ఇ'లో రెండో ఆయనకి 40, ఒకావిడకి 60.

కొందరు బెనిఫిషియల్ ఓనర్ అన్నచోట 'ఆ' కంపెనీ పేరు రాసి ఊరుకున్నారు. కంపెనీ అక్కడ రాకూడదు, చివరికి తేలాల్సింది మనిషే. ఇంకొందరు రెండో ఆయనకి 30 అని ఆగిపోయారు, ఆయన రెండు దారుల్లో ఉన్నాడు కదా, 60లో సగం 30, 40లో 40 శాతం 16, మొత్తం 46. నేనైతే ముందు కాగితం మీద బాణాలు గీసి, ఒక్కో మనిషి దగ్గరికి ఎన్ని దారులు వస్తున్నాయో చూసి అప్పుడే గుణిస్తా, ఎక్సెల్ తర్వాత.

ఇప్పుడు నాకు బాగా చిరాకు తెప్పించిన తప్పు. ఆవిడకి 24 వస్తుంది (40లో 60 శాతం), ఓనర్‌గా లెక్కేసే 25 శాతం గీత దాటలేదని దాదాపు అందరూ ఆవిడ పేరు కొట్టేశారు. కానీ 'అ' డైరెక్టర్లలో ఎక్కువమందిని పెట్టే హక్కు ఆవిడదేనని కంపెనీ నిబంధనల్లో ఉందని నేను ఆ లెక్క కిందే రాశా! 25 అనేది ఎఫ్‌ఏటీఎఫ్ ఒకప్పుడు ఉదాహరణగా చెప్పి, ఇప్పుడు ఇంతకు మించకూడదని పెట్టిన అంకె, దాన్నే చాలా దేశాలు పెట్టుకున్నాయి, అంతేగానీ దాని కింద ఉన్నవాళ్లకి పట్టు ఉండదని కాదు. వాటా చూశాక పట్టు ఎవరిదో చూడాలి, ఓటింగ్ ఒప్పందం, డైరెక్టర్లని మార్చే హక్కు, వేరేవాళ్ల పేరు మీద పెట్టిన షేర్లు, అప్పిచ్చి కంపెనీని గుప్పిట్లో పెట్టుకోవడం, ఇవన్నీ. డబ్బు దాచాలనుకునేవాడికి కూడా 25 సంగతి తెలుసు, 24 దగ్గర ఆగడం వాడికి కష్టమేం కాదు. అందుకే 24, 24.5 లాంటి అంకె కనబడితే నేను ఇంకో గంట ఎక్కువ కూర్చుంటా.

వాటాతోనూ పట్టుతోనూ ఎవరూ తేలకపోతేనే పై స్థాయి మేనేజర్ పేరు రాయాలి. అది ఆఖరి మెట్టు, పని త్వరగా అవుతుందని ముందే అక్కడికి దూకొద్దు, దూకాల్సొస్తే ఎక్కడెక్కడ వెతికారో ఫైల్లో రాయండి.

ప్రాక్టీస్: 'క' కంపెనీలో ఒక ట్రస్టుకి 35, 'ఖ' కంపెనీకి 45, అన్నాచెల్లెళ్లకి చెరి 10. వాళ్లిద్దరూ ఎప్పుడూ 'ఖ' చెప్పినట్టే ఓటేస్తామని రాసిచ్చారు. 'ఖ' మొత్తం ఒకాయనదే, ఆయన నిరుడు మంత్రి. ట్రస్టులో డబ్బు పెట్టినవాళ్లు, ట్రస్టీ, ప్రొటెక్టర్ (ట్రస్టీ మీద ఓ కన్నేసి ఉంచే మనిషి), లబ్ధిదారులు అందరినీ లెక్కలోకి తీసుకోండి. ఒక్కొక్కరిని ఎందుకు ఉంచారో, ఎందుకు తీసేశారో కారణం పూర్తి వాక్యంలో రాయండి, అంకె ఒక్కటే రాస్తే చూడను.