పిడికిలితో మెదడు పాఠం

బైపీసీ, నర్సింగ్ పిల్లలకు మెదడు భాగాల పేర్లు గడగడా వచ్చేస్తాయి. బొమ్మ ఇచ్చి గుర్తించమంటేనే టెన్షన్. దానికోసం కోఠి వెళ్లి ప్లాస్టిక్ మోడల్ కొనక్కర్లేదు, సిటీ బస్సులో నిలబడి కూడా చదువుకోవచ్చు.

అరచేయి కిందికి ఉండేలా కుడి పిడికిలి బిగించండి. బొటనవేలిని చూపుడువేలి పక్కనే ముందుకు ఆనించి, ఆ వైపు నుంచి చూడండి. పుస్తకంలో ఉండే ఎడమ అర్ధగోళం, అంటే మెదడు ఎడమ సగం బొమ్మ అచ్చం ఇలాగే ఉంటుంది. మడిచిన వేళ్లు ఫ్రంటల్ లోబ్: ఆలోచన, కదలికలు. మెటికలు దాటాక చేతి పైభాగం పెరైటల్: స్పర్శ. మణికట్టు దగ్గర ఆక్సిపిటల్: చూపు. బొటనవేలు టెంపోరల్: వినికిడి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందే లాటరల్ సల్కస్, అంటే టెంపోరల్‌ను పై భాగాల నుంచి వేరుచేసే గాడి. బొటనవేలి కొనకు కాస్త పైన, చూపుడువేలి మీద పెన్నుతో చుక్క పెట్టండి, మాటలు పలికించే బ్రోకా ప్రాంతం అక్కడే. నాకు బాగా నచ్చింది ఈ చుక్కే, ఒకసారి పెడితే మళ్లీ మర్చిపోరు. మణికట్టు కింద నిమ్మకాయ పెడితే అనుమస్తిష్కం, అంటే శరీరం తూలకుండా చూసేది.

ఒక్క జాగ్రత్త. ఎడమ పిడికిలితో చేస్తే అది కుడి అర్ధగోళం అవుతుంది, చాలామందిలో బ్రోకా ప్రాంతం అటువైపు ఉండదు. థలామస్, హిప్పోకాంపస్ లాంటి లోపలి భాగాలకూ ఈ పద్ధతి పనికిరాదు, వాటికి నిలువుకోత బొమ్మ గీసి చూసుకోవాల్సిందే.