చిన్న ఉప్పునీటి తొట్టిలో కలిసి బతికే రంగుల చేపలను ఎంచుకోవడం ఎలా?

నెల్లూరులో మా ఇంట్లో ఉన్నది మూడడుగుల తొట్టి, సుమారు 120 లీటర్లు. మొదట్లో నేను రంగు చూసి మురిసిపోయి నీలం డామ్సెల్ చేపను తెచ్చాను. నెల తర్వాత రెండు చిన్న క్లౌన్ చేపలను వేస్తే, అది వాటిని మూలకు తరిమి, తోకలు కొరికి, వారంలో చంపేసింది. "అన్నిటితో పడుతుంది" అని అమ్మినవాళ్లు చెప్పారు. నేను నమ్మాను. ఆ చేపను తప్పుపట్టలేం, తన చోటులోకి ఎవరొచ్చినా తరమడం దాని స్వభావం. చిన్న తొట్టిలో ఓడిపోయిన చేప పారిపోవడానికి దారి ఉండదు. అందుకే ముందు చోటు చూడాలి, రంగు తర్వాత.

1. నీళ్లు కుదరనివ్వండి

వనామీ రొయ్యల చెరువులు చేసే ఇళ్లలో ఈ మాటలు కొత్త కావు. సెలినిటీ, అంటే నీటిలోని ఉప్పు, 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35 పాళ్లు) దగ్గర, వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. చెరువు దగ్గర ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా పనికొస్తుంది. మైపాడు నుంచో కొత్తపట్నం నుంచో సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చు కదా అంటారు. ఒడ్డు దగ్గర బురద, కాలువల నీళ్లు కలుస్తాయి కాబట్టి నేను ఆర్ఓ నీళ్లలో సముద్రపు చేపల కోసం అమ్మే అక్వేరియం ఉప్పు కలుపుతాను. రాళ్లు, ఇసుక వేశాక చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపలు వద్దు.

మన ఎండాకాలం సంగతి మరిచిపోకండి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే వేడి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, కానీ నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. నీరు పోయినా ఉప్పు మిగిలిపోతుంది కాబట్టి తగ్గినంతా ఉప్పు లేని ఆర్ఓ నీళ్లే పోయాలి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోండి.

2. ఒక్కో చోటుకు ఒక్కో చేప

కాగితం మీద తొట్టి బొమ్మ గీసి ఇసుక, రాళ్ల సందులు, నడిమి నీళ్లు అని విడదీయండి. ఒకే చోటు కోరే రెండు రకాలను తేవద్దు. ఇంత తొట్టికి నాలుగైదు చేపలు చాలు.

ఇసుక మీదికి పసుపు వాచ్‌మన్ గోబీ. దీనికి తోడుగా పిస్టల్ రొయ్యను వేస్తే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. రొయ్యకు చూపు దాదాపు ఆనదు, అందుకే అది బొరియ తవ్వుతుంటే గోబీ గుమ్మంలో కాపలా ఉంటుంది. రొయ్య తన మీసాన్ని చేపకు ఆనించే ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే చేప తోక ఆడిస్తుంది, ఇద్దరూ లోపలికి దూరతారు.

రాళ్ల పైన తెలుపు, ఎరుపు కలిసిన ఫైర్‌ఫిష్ నిలబడుతుంది. నెమ్మదైనది, కానీ బెదిరితే బయటికి ఎగురుతుంది కాబట్టి తొట్టికి జాలీ మూత తప్పనిసరి. నడిమి నీళ్లకు నల్ల చారల బంగాయ్ కార్డినల్ ఒకటి. రెండు మగవి పడితే కొట్టుకుంటాయి. ఇది ఇండోనేషియా చేప, సముద్రంలో తగ్గిపోతోంది, కాబట్టి హేచరీలో పెంచినదే అడగండి.

చివరగా ఆసెల్లారిస్ రకం క్లౌన్ చేపల జత. ఇవన్నీ పుట్టుకతో మగవే. జతలో పెద్దది ఆడదిగా మారుతుంది. అందుకే ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది తీసుకుంటే త్వరగా కుదురుకుంటాయి. సముద్రంలో వీటికి గూడుగా ఉండే సీ అనిమోన్ అనే జీవి లేకపోయినా హాయిగా బతుకుతాయి.

నీలం కావాలనే మనసుంటే కార్డినల్ బదులు పసుపు తోక డామ్సెల్ ఒక్కటి వేయండి. డామ్సెల్ జాతిలో కాస్త మెత్తనిది అదే.

3. వద్దనుకోవాల్సినవి

బ్లూ టాంగ్ అడుగు పొడవు దాకా పెరుగుతుంది. లయన్‌ఫిష్ నోట్లో పట్టే చేపనల్లా మింగుతుంది. మాండరిన్ అందగత్తే గానీ, రాళ్ల మీది సన్నటి పురుగులు తప్ప చాలావరకు ఇంకేమీ తినదు, చిన్న తొట్టిలో ఆకలితో చస్తుంది. సముద్రపు గుర్రాలకు, పగడాలకు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎవరైనా చాటుగా అమ్మజూపినా ముట్టుకోవద్దు.

4. కొనేటప్పుడు

చెన్నై కొళత్తూరు దాకా వెళ్లినా, ఇంటికే పార్సిల్ తెప్పించినా, చేప మేత తినడం చూడకుండా డబ్బు ఇవ్వకండి. పార్సిల్ అయితే వీడియో అడగండి. పొట్ట లోపలికి పోయినదీ, రొప్పుతున్నదీ వద్దు.

తెచ్చాక వేరే చిన్న తొట్టిలో నాలుగు వారాలు ఉంచండి. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు వస్తే అది రొయ్యల వైట్ స్పాట్ వైరస్ కాదు, క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. దానికి వాడే రాగి మందు రొయ్యలను చంపేస్తుంది, పెద్ద తొట్టిలో ఎప్పుడూ పోయకూడదు.

5. వదిలే వరుస

మెత్తని వాటిని ముందు వదలాలి. గోబీ, ఫైర్‌ఫిష్, తర్వాత కార్డినల్, ఆఖరున క్లౌన్ జత. డామ్సెల్ ఉంటే దాని వంతు అన్నిటికన్నా చివర. ఒక్కో విడతకు మధ్య కనీసం రెండు వారాలు ఆగి, అమ్మోనియా చూసుకోండి. కొత్త చేపను వదిలే రోజు నాలుగైదు రాళ్లు జరిపితే పాతవాటికి తమ హద్దులు గుర్తుండవు, తరమడం తగ్గుతుంది. ఆ రాత్రి లైటు వేయకండి. మర్నాడు మేత వేసి, కొత్తది పైకి వచ్చి తింటుందో, రాళ్ల వెనకే దాక్కుందో గమనించండి. మూడో రోజుకీ దాక్కునే ఉండి రెక్కలు చిరిగి కనిపిస్తే, తరిమేదాన్ని పట్టి వారం పాటు వేరే తొట్టిలో పెట్టండి.