అనంతపురంలో మా ఇంటి డి.బి. మార్పించిన అనుభవం

మా పాత ఇంట్లోని కిట్‌క్యాట్ ఫ్యూజులు తీయించి, ఇల్లంతటికీ ఒకే ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చి) ఉన్న డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డి.బి.) పెట్టించాము. వాన పడిన ప్రతి రాత్రీ అది ట్రిప్ అయి ఇల్లంతా చీకటయ్యేది. దానిని తీసివేసి నేరుగా కలుపుకోమని ఎలక్ట్రీషియన్ సలహా ఇచ్చినా నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే ఫ్యూజుల స్థానంలో ఉండే ఎం.సి.బి. స్విచ్చి ఓవర్‌లోడునూ షార్ట్ సర్క్యూట్‌నూ మాత్రమే పట్టుకుంటుంది, ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగివచ్చిన కరెంటుకూ మధ్య తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే సరఫరా ఆపి మనిషి ప్రాణం కాపాడేది ఆర్.సి.సి.బి. మాత్రమే.

వైర్లు విడదీసి ఒక్కొక్క సర్క్యూట్‌నే పరీక్షించగా, మిద్దె మీది లైటుకు వెళ్లే వైరు జాయింటులో నీరు దిగుతున్నట్లు తేలింది. ఆ వైరు మార్పించాము.

అయినా ఒక చోటి లోపానికి ఇల్లంతా ఆరిపోకూడదని, రెండు ఆర్.సి.సి.బి.లు పట్టే పెద్ద బోర్డు ఎంచుకున్నాను. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ ఒకదాని కింద, గీజరు, మోటారు, వంటగది ప్లగ్గులు, మిద్దె లైటు మరొకదాని కింద ఉంచాము. బిగించిన రోజే ఒకటి ట్రిప్ అయింది. ఒక ఆర్.సి.సి.బి. కింద ఉన్న గది న్యూట్రల్ వైరు రెండవ ఆర్.సి.సి.బి. న్యూట్రల్ బారుకు (న్యూట్రల్ వైర్లన్నీ కలిపే పట్టీకి) కలిసిపోవడమే కారణం. దేని న్యూట్రల్ దానికే ఉండాలన్న ఈ విషయాన్ని బిగించేటప్పుడే దగ్గరుండి చూసుకోవాలి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి, దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ఎం.సి.బి. పెట్టించాను. ఏ.సి. కోసం రెండు గడులు ఖాళీగా ఉంచాము.