గ్లూటెన్ పడనివాళ్లకు పాప్‌కార్న్: కొనేముందు, వేయించేముందు చూసుకోవాల్సినవి

సెలవులూ పార్టీలూ దగ్గరపడితే సీలియాక్ (గ్లూటెన్ పడని పేగు జబ్బు) ఉన్న మనిషి ఇంట్లో ముందుగా వచ్చే చిక్కు చిరుతిండిదే. బిస్కెట్లు కుదరవు, కేకులు కుదరవు, పఫ్‌ల జోలికే వెళ్లకూడదు. తిరిగి తిరిగి అందరూ పాప్‌కార్న్ దగ్గరికే వస్తారు. మంచి ఎంపికే. సీలియాక్ ఉన్నవాళ్ల చిన్నపేగును దెబ్బతీసేవి గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమలాంటి ధాన్యం) గింజల్లోని ప్రోటీన్లు, వాటినే గ్లూటెన్ అంటారు. మొక్కజొన్నలో ఉండే జెయిన్ (zein) అనే ప్రోటీన్ వేరే రకం. కాబట్టి గింజ వరకూ భయం లేదు. కంకి నుంచి ఒలిచాక అది ఏ లారీ ఎక్కింది, ఏ మిషన్లో పడింది, ఏ గరిటె తగిలింది, చివర్లో దాని మీద ఏ పొడి చల్లారు అన్నదే చూసుకోవాలి.

‘ఆవగింజంత తగిలితే ఏమవుతుందిలే’ అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉంటారు. వాళ్ల కోసం ఒక లెక్క. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గ్లూటెన్ లేనిది అని ప్యాకెట్ మీద వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే వంద గ్రాముల పాప్‌కార్న్‌లో 2 మిల్లీగ్రాములు. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తిన్నా పేగు లోపలి పొర దెబ్బతిన్నట్టు పరిశోధనలో తేలింది. ఒక్క బ్రెడ్ ముక్కలోనే గ్లూటెన్ గ్రాముల లెక్కలో ఉంటుంది కాబట్టి 50 మిల్లీగ్రాములకు దాని నుంచి రాలిన పొడి చాలు. ‘నాకు కడుపునొప్పి రాలేదు కాబట్టి ఫర్వాలేదు’ అనుకోవడమూ పొరపాటే. కొందరికి బయటికి ఏ లక్షణమూ కనిపించకుండానే లోపల నష్టం జరుగుతుంది.

గింజలు కొనేటప్పుడు విడిగా డబ్బాల్లో, గోనెల్లో పోసి అమ్మేవి వదిలేయండి. పక్క డబ్బాలో గోధుమ రవ్వ ఉంటుంది, రెండింటికీ కలిపి ఒకటే చేట, ఒకటే తక్కెడ. సీల్ చేసిన ప్యాకెట్, దాని మీద గ్లూటెన్ లేదన్న స్పష్టమైన మాట, వీలైతే ధ్రువీకరణ ముద్ర ఉన్నది తీసుకోండి. ప్యాకెట్ తెచ్చాక కూడా ఒక పని మిగిలే ఉంటుంది: గింజలను తెల్ల పళ్లెంలో పలచగా పరిచి చూడటం. పాప్‌కార్న్ గింజ నున్నగా, గట్టిగా, ఒక కొస సన్నగా కన్నీటిబొట్టు ఆకారంలో మెరుస్తూ ఉంటుంది. గోధుమ గింజ కోలగా, మెరుపు లేకుండా, మధ్యలో నిలువునా గాడితో ఉంటుంది. బార్లీ రెండు కొసలా సన్నబడి, పొట్టుతో కనిపించవచ్చు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఒకసారి చూస్తే ఇక పొరబడరు. పరాయి గింజ ఒక్కటి దొరికినా దాన్ని ఏరేసి మిగతావి వాడుకుందామనుకోకండి, ఆ ప్యాకెట్ మొత్తం పక్కన పెట్టేయండి. గింజ కనబడిందంటే కంటికి కనబడని పొడి కూడా ఉండే ఉంటుంది. అలాగని కడిగితే సరిపోతుందనుకోవద్దు. గింజ పేలేది లోపలి తేమ వల్లే, కడిగి ఆరబెడితే ఆ లెక్క తప్పుతుంది.

అసలు తంటా అంతా రెడీమేడ్ రుచులతోనే. సాదా ఉప్పు పాప్‌కార్న్‌లో సాధారణంగా మొక్కజొన్న, నూనె, ఉప్పు తప్ప ఏమీ ఉండదు, చదవడానికి అర నిమిషం పడుతుంది. చీజ్, బార్బెక్యూ, కారామెల్, సాల్ట్ అండ్ వినెగర్ అనగానే పదార్థాల జాబితా చాంతాడంత అవుతుంది. అందులో మాల్ట్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, మాల్ట్ వెనిగర్ అని ఉంటే తినకూడదు, మాల్ట్ సాధారణంగా బార్లీ నుంచే వస్తుంది. సోయా సాస్ పొడి ఉంటే అనుమానించాలి, చాలా సోయా సాస్‌లు గోధుమ కలిపి పులియబెట్టినవే. చీజ్ పొడి ఉండకట్టకుండా పిండి కలిపారేమో, కలిపితే ఏ పిండో చూడాలి. మాల్టోడెక్స్‌ట్రిన్ పేరు చూసి మాత్రం బెదరక్కర్లేదు, దానికీ మాల్ట్‌కూ సంబంధం లేదు.

ఇక్కడ చాలామంది ఇంకో చోట బోల్తాపడతారు. అలెర్జీ హెచ్చరికలో ‘గోధుమ’ లేదు కాబట్టి తినొచ్చు అనుకుంటారు. అమెరికాలో ఆ హెచ్చరికలో తప్పనిసరిగా చెప్పాల్సిన ధాన్యం గోధుమ ఒక్కటే, బార్లీ, రై ఆ జాబితాలో లేవు. యూరప్‌లో గ్లూటెన్ ఉన్న ధాన్యాలన్నీ చెప్పాలి. ప్యాకెట్ ఎక్కడిదో తెలియనప్పుడు కింది హెచ్చరికను నమ్ముకోకుండా పైన పదార్థాలన్నీ చదవడమే దారి. ఎప్పుడూ కొనే కంపెనీదే అయినా ప్రతిసారీ చదవాలి, రుచి మార్చినప్పుడల్లా చాటింపు వేసి చెప్పరు కదా.

ఇంటికొచ్చాక ఎక్కువ ప్రమాదం వెన్న డబ్బాతోనే అని నా అభిప్రాయం. బ్రెడ్‌కు వెన్న రాసిన కత్తినే మళ్లీ డబ్బాలో ముంచుతారు. మూత తీసి వెలుతురులో చూడండి, వెన్న అంచుల్లో గోధుమ రంగు బ్రెడ్ తునకలు ఇరుక్కుని ఉంటాయి. దాన్నే కరిగించి పాప్‌కార్న్ మీద పోస్తే మిగతా జాగ్రత్తలన్నీ దండగే. పిండి చేత్తో ముట్టిన ఉప్పు డబ్బాదీ అదే కథ. వెన్న, ఉప్పు విడిగా పెట్టుకోండి, డబ్బాల మీద పేరు రాయండి. మైదా ముంచి వేయించిన నూనె పనికిరాదు. సెగకు గ్లూటెన్ చచ్చిపోతుందనేది ఒట్టి మాట, అది క్రిమి కాదు. శానిటైజర్ రాసినా పోదు. సబ్బు నీళ్లతో రుద్ది కడిగితేనే పోతుంది. స్టీలు గిన్నె అలా శుభ్రపడుతుంది. గీతలు పడిన నాన్‌స్టిక్, పగుళ్లున్న చెక్క గరిటె, పిండి జల్లెడ ఎంత కడిగినా నమ్మకం ఉండదు, వాటిని ఈ పనికి వాడకండి.

వేయించడం తేలికే, కాలకుండా చూసుకుంటే చాలు. గింజలో సుమారు 14 శాతం తేమ ఉంటుంది. వేడి దాదాపు 180 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి ఆ తేమ ఆవిరై, లోపలి పిండి మెత్తబడి, ఒత్తిడికి పైపొర పగిలి గింజ తిరగబడుతుంది. అడుగు మందంగా ఉన్న, మూత ఉన్న పెద్ద గిన్నెలో రెండు మూడు చెంచాల రిఫైన్డ్ నూనె వేసి, అందులో మూడే మూడు గింజలు వేయండి. అవి పేలాక అడుగున ఒక వరసకు మించకుండా మిగతావి వేసి మూత పెట్టండి. మూత కొంచెం ఓరగా ఉంచితే ఆవిరి బయటికి పోయి పాప్‌కార్న్ కరకరలాడుతుంది. మధ్యమధ్య గిన్నె కదుపుతూ, రెండు చప్పుళ్ల మధ్య రెండు సెకన్ల ఎడం రాగానే దించేయండి. మూత తీసేటప్పుడు మొహం దూరంగా పెట్టాలి, మూత మీ వైపు కాకుండా అవతలి వైపు తెరవాలి. వెన్నలో నేరుగా వేయించకండి, అది మాడుతుంది, పైన పోసుకోండి. నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మూత బోర్లించి పొయ్యి కట్టేయండి. మైక్రోవేవ్ ప్యాకెట్లకు కూడా ఆవిరి జాగ్రత్త ఇంతే. గింజలు సరిగ్గా పేలకపోతే ఎండిపోయాయని అర్థం, గాలి చొరని సీసాలో నిల్వ చేసుకుంటే ఆ ఇబ్బంది రాదు.

బయట, అంటే థియేటర్లోనో ఇంకొకరి ఇంట్లోనో, ఏ రుచీ కలపనిదే అడగండి. నూనెలో, వెన్నలో, పొడిలో ఏముందో డబ్బా చూపించమనండి, మొహమాటపడకండి. కౌంటర్లో అబ్బాయికి తెలియకపోతే ఆ పూటకు మానేయడమే నయం. పార్టీలో అందరూ చేతులు పెట్టే పెద్ద గిన్నె కన్నా ముందుగా తీసిపెట్టిన చిన్న గిన్నె మేలు. పక్కవాడు ఇప్పుడే బిస్కెట్ తిన్న చేత్తోనే పాప్‌కార్న్ తీసుకుంటాడు మరి.

నాలుగేళ్లలోపు పిల్లలకు, గ్లూటెన్ సంగతి ఎలా ఉన్నా, పాప్‌కార్న్ పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. సీలియాక్ అని ఈమధ్యే తేలినవాళ్లకు పేగు ఇంకా కోలుకుంటూ ఉంటుంది. పాప్‌కార్న్‌లో పీచు ఎక్కువ, గ్లూటెన్ లేకపోయినా పొట్ట ఉబ్బరించవచ్చు. ముందు గుప్పెడుతో మొదలుపెట్టండి. అనుమానం మాత్రమే ఉండి ఇంకా పరీక్ష చేయించుకోనివాళ్లు డాక్టర్‌ను కలిసేదాకా గోధుమ మానేయకండి. రక్తపరీక్షలో వెతికేది గ్లూటెన్ తింటున్నప్పుడు తయారయ్యే యాంటీబాడీలనే, ముందే మానేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు.