వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం రాదు: తెగింది ఎక్కడ?

ఇలా జరగగానే చాలామంది చెయ్యి ముందు రౌటర్ స్విచ్ మీదికి వెళ్తుంది. ఆపి వేస్తే ఒక్కోసారి బాగవుతుంది కూడా. కానీ లోపం ఎక్కడుందో తెలియదు కాబట్టి రేపు మళ్లీ అదే గొడవ. తేల్చుకోవాల్సింది ఒక్కటే: తెగింది ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యనా, రౌటర్‌కి అవతలా?

ముందు ఫోన్‌ని అదే వైఫైకి కలిపి చూడండి. మొబైల్ డేటా ఆపేయాలి, లేకపోతే ఫోన్ చాటుగా దాన్నే వాడుకుంటుంది. ఫోన్‌లో నెట్ వస్తే కంప్యూటర్‌నే అనుమానించాలి.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి. వైఫై అడాప్టర్ కింద ఐపీవీ4 అడ్రస్ (నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్ నంబర్), డిఫాల్ట్ గేట్‌వే (రౌటర్ నంబర్) కనిపిస్తాయి. అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదు, విండోస్ తనే ఒకటి పెట్టుకుంది. వైఫై సెట్టింగ్స్‌లో ఐపీ అసైన్‌మెంట్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూసి, ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి.

అడ్రస్ సరిగా ఉంటే మూడు పింగ్‌లు చాలు. పింగ్ అంటే అవతలి యంత్రం పలుకుతుందా అని అడిగి చూడటం; అదే కమాండ్ ప్రాంప్ట్‌లో ping అని కొట్టి, ఖాళీ వదిలి అడ్రస్ ఇవ్వాలి. మొదటిది గేట్‌వేకి, అంటే సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1. రెండోది 8.8.8.8కి, అంటే బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌కి. మూడోది ఏదైనా సైటు పేరుకి. మామూలుగా నాలుగు ప్యాకెట్లే, అంటే చిన్న డేటా ముక్కలే వెళ్తాయి. అప్పుడప్పుడూ తెగే జబ్బు వాటికి దొరకదు. కమాండ్ చివర ఖాళీ వదిలి హైఫన్, దాని పక్కనే చిన్న టీ అక్షరం (-t) కొట్టి రెండు నిమిషాలు నడవనివ్వండి. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగి, ఎన్ని పోయాయో లెక్క చూపిస్తుంది.

గేట్‌వే బాగా పలికి 8.8.8.8 పలకకపోతే కంప్యూటర్ జోలికి పోకండి. ఫైబర్ బాక్స్ మీద సిగ్నల్ పోయిందని చెప్పే లాస్ (LOS) దీపం ఎర్రగా ఉంటే తీగలోనే లోపం, కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేయడమే. 8.8.8.8 పలికి పేరు పలకకపోతే డీఎన్ఎస్ (సైటు పేరుని నంబర్ అడ్రస్‌గా మార్చే సేవ) తేడా; వైఫై సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ అసైన్‌మెంట్‌ని మాన్యువల్‌కి మార్చి 8.8.8.8, 1.1.1.1 ఇవ్వండి. నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్ ఏదైనా ఆన్‌లో ఉంటే ముందు దాన్ని ఆపి చూడటం మరవొద్దు.

గేట్‌వే దగ్గరే ప్యాకెట్లు పోతున్నా, జవాబు వచ్చే సమయం 2 మిల్లీసెకన్లు ఉన్నది ఉన్నట్టుండి 300కి ఎగురుతున్నా అది గాలిలో, అంటే వైఫై సిగ్నల్‌లో గొడవ. రౌటర్ పక్కన కూర్చుని అదే పింగ్ మళ్లీ నడపండి. అక్కడ శుభ్రంగా ఉంటే దూరమో అడ్డమో కారణం: కాంక్రీట్ గోడ, ఇనప బీరువా, ఫ్రిజ్. వైఫై వాడే రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలకి త్వరగా నీరసిస్తుంది. 2.4 దూరం వెళ్తుంది, అయితే అపార్ట్‌మెంట్‌లో పక్కింటి రౌటర్లన్నీ అందులోనే తోసుకుంటాయి, మైక్రోవేవ్ అవెన్ కూడా అక్కడే అల్లరి చేస్తుంది. రౌటర్‌లో 2.4కి 1, 6, 11 చానళ్లలో ఒకటి పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించండి. ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడవు. మధ్యలో 3 పెట్టారంటే రెండువైపులా తగువే.

రౌటర్ పక్కన కూడా తెగుతూ, ఫోన్ మాత్రం బాగుంటే డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదాకోసం దాన్ని ఆపే టిక్కు తీసేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ ఉండదు. తర్వాత ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి వైఫై డ్రైవర్ (అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేయండి. నెట్‌వర్క్ రీసెట్ ఆఖరుకి ఉంచుకోండి. దాంతో దాచిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, వీపీఎన్ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు.