యూవీ బాక్స్‌తో ప్లాటినం, పల్లాడియం ప్రింట్లు: సమస్య - పరిష్కారం

ప్లాటినం, పల్లాడియం ప్రింటింగ్ అంటే ఆ లోహాల లవణాలు పూసిన కాగితం మీద నెగెటివ్ పెట్టి, కాంతి పడేలా చేసి ఫోటో ముద్రించే పద్ధతి. అందులో కాగితానికి పూసే, కాంతికి స్పందించే ఫెర్రిక్ ఆక్సలేట్ అనే రసాయనాన్ని పని చేయించేది ముఖ్యంగా 365 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే యూవీ-ఎ (అతినీలలోహిత కాంతిలో ఒక రకం). హైదరాబాద్‌లో ఎండకు కొదవ లేదు. కానీ జూలై నుంచి సెప్టెంబర్ దాకా మబ్బుల్లో ఎంతసేపు ఎండలో పెట్టాలన్న ఏ లెక్కా నిలవదు కాబట్టి చాలామంది యూవీ ట్యూబులు బిగించిన బాక్స్ పెట్టుకుంటారు. చిక్కేమిటంటే ఈ కాంతిలో ఎక్కువ భాగం కంటికి కనబడదు. లైటు డిమ్ముగా ఉంది కదా, ఏం కాదులే అనుకోవడానికి ఇక్కడ వీల్లేదు.

పగలు బాగానే ఉండి, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు

వెల్డింగ్ చేసేవాళ్లకు వచ్చే బాధే ఇది. కంటి ముందుపొర పైభాగం కాలుతుంది. నొప్పి కొన్ని గంటలు ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి కారణం ఏమిటో చాలామందికి తట్టదు. యూవీ-ఎ ట్యూబులతో ఇది సాధారణంగా రాదు. అందుకే ముందు ట్యూబునే అనుమానించాలి.

కోవిడ్ రోజుల్లో క్రిములను చంపే 254 నానోమీటర్ల ట్యూబులు మార్కెట్లోకి విపరీతంగా వచ్చాయి. కోఠిలోనైనా ఆన్‌లైన్‌లోనైనా ఊరికే ‘యూవీ ట్యూబ్’ అని అడిగితే అదే చేతికి రావొచ్చు. సైజూ పిన్నులూ ఒకటే కాబట్టి హోల్డర్‌లో చక్కగా కూర్చుంటుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. దాని గాజు పూర్తిగా పారదర్శకంగా ఉంటుంది, లోపల తెల్లపొడి పూత ఉండదు. మీద టీయూవీ అనో, జీ15టీ8 లాంటి జీ అక్షరంతో మొదలయ్యే కోడో ఉంటుంది. మనకు కావలసిన, యూవీ-ఎ ఇచ్చే బీఎల్ (బ్లాక్‌లైట్) ట్యూబు పాలలా తెల్లగా ఉంటుంది, బీఎల్‌బీ (బ్లాక్‌లైట్ బ్లూ) అయితే ముదురు ఊదా రంగులో ఉంటుంది. హోటళ్లలో, స్వీట్ షాపుల్లో ఈగల మెషీన్‌కు వేసేది కూడా బీఎల్ ట్యూబే. షాపులో అలా చెప్పి అడిగితే త్వరగా దొరుకుతుంది.

ఇంకో ఆనవాలు కూడా ఉంది. నెగెటివ్‌ను, కాగితాన్ని కలిపి అదిమిపట్టే కాంటాక్ట్ ఫ్రేమ్ అద్దం 254 నానోమీటర్ల కాంతిని దాదాపు మొత్తం ఆపేస్తుంది. అంటే కళ్లు మండుతున్నాయి, ప్రింటేమో వెలవెలబోతూ వస్తోంది అంటే తప్పు ట్యూబు వేశారన్నమాటే. దాన్ని మళ్లీ వెలిగించి చూడొద్దు. కరెంటు ఆపి తీసేయండి.

కళ్లు నలపకండి, కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేయండి, చల్లటి తడిగుడ్డ వేసుకోండి. ఇంట్లో మిగిలిన పాత చుక్కలు మాత్రం వేసుకోవద్దు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అయినా మెహదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రిలోనో దగ్గర్లో ఉన్న కంటి డాక్టరుకో చూపించుకోవడమే మంచిది.

సరైన ట్యూబులున్నా వాటివైపు నేరుగా చూడకూడదు. యూవీ-ఎ ఏళ్ల తరబడి పడితే కంటిలోని కటకానికి చేటు. పక్కలు కూడా మూసే, యూవీ400 రేటింగ్ (400 నానోమీటర్ల దాకా యూవీని ఆపేది) ఉన్న కళ్లజోడు పెట్టుకోండి. రేటింగ్ లేని నల్లద్దాలు ఇంకా ప్రమాదం, వాటి వెనక కంటిపాప పెద్దదై ఎక్కువ యూవీ లోపలికి పోతుంది.

చేతులు ఎర్రబడటం, దురద

కాంతి పడ్డ మేరకే ఎర్రబడితే అది యూవీ పనే. డాక్సీసైక్లిన్ లాంటి మందులు వాడుతున్నవాళ్లకు కొద్దిపాటి కాంతికే ఇలా జరుగుతుంది. ఆ కోర్సు పూర్తయ్యేదాకా బాక్స్ జోలికి పోవద్దు. తుమ్ములు, దద్దుర్లు, ఆయాసం కాగితానికి కోటింగ్ (రసాయనాల పూత) వేసిన రోజునే వస్తుంటే కారణం లైటు కాకపోవచ్చు. ప్లాటినం లవణాలకు అలర్జీ ఉంటుంది, ఒకసారి మొదలైతే మళ్లీమళ్లీ వేధిస్తుంది. పని ఆపి డాక్టరుకు చూపించండి. నైట్రైల్ గ్లవ్స్, నిండు చేతుల చొక్కా ఎలాగూ తప్పనిసరి.

తెల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు

బాక్స్ సందుల్లోంచి వచ్చే కాంతి పక్కన ఆరుతున్న కాగితానికి తగులుతుంటే ఇలా అవుతుంది. అదే కాంతి మీకూ తగులుతోంది. రాత్రి గది చీకటి చేసి, కళ్లజోడు పెట్టుకుని, తెల్లటి జిరాక్స్ కాగితం ముక్కను మూత అంచుల వెంబడి నడిపించండి. లీకు ఉన్న చోట కాగితం నీలంగా మెరుస్తుంది. అక్కడ నల్ల ఫెల్ట్ గుడ్డ అంటించండి. మూత ఎత్తగానే ట్యూబులు ఆరిపోయేలా ఒక మైక్రోస్విచ్ పెట్టించడం నా దృష్టిలో ఏ ఖరీదైన టైమర్ కన్నా ముఖ్యం.

లీకు లేకపోతే వేడిని చూడండి. మేలో గదే 40 డిగ్రీలు దాటుతుంది, దాని మీద హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి కొడితే కోటింగ్ ఫాగ్ అవుతుంది, అంటే కాంతి పడకపోయినా మసకబారుతుంది. పాతబడిన ఫెర్రిక్ ఆక్సలేట్ ద్రావణంతోనూ అంతే.

ఎక్స్‌పోజర్ టైం నెలనెలా పెరుగుతోంది

ట్యూబులన్నీ మార్చేయకండి, ముందు మిగతావి చూసుకోండి. ఎండాకాలంలో బాక్స్ లోపల వేడెక్కితే ట్యూబు వెలుగు తగ్గుతుంది, ఫ్యాన్ తిరుగుతోందా? రాగి చోక్ ఉంటే ఓల్టేజీ పడినప్పుడల్లా వెలుగూ పడుతుంది. ఫ్రేముకు యూవీ ఆపే పూత ఉన్న అద్దం వేశారేమో కూడా చూడండి. అవన్నీ సరిగ్గా ఉన్నాయంటే ట్యూబుల వయసైపోయినట్టే. యూవీ తగ్గడం కంటికి తెలియదు కాబట్టి 21 మెట్ల స్టెప్ టాబ్లెట్‌తో (మెట్టు మెట్టుకూ నలుపు పెరిగే ఫిల్మ్ ముక్క) అప్పుడప్పుడూ ఒక ప్రింట్ తీసి, తేదీ రాసి దాచుకోండి.

మధ్యలో కరెంటు పోతే ప్రింటు పాడైనట్టు కాదు. ఫ్రేము కదపకుండా ఉంచి, కరెంటు వచ్చాక మిగిలిన టైం ఇస్తే సరిపోతుంది.

కాలిన వాసన, చేయి తగిలితే జివ్వుమనడం

వెంటనే మెయిన్ ఆపేయండి. వాసన ఎక్కువగా వదులైన హోల్డర్ నుంచో, వేడెక్కిన చోక్ నుంచో వస్తుంది. జివ్వుమంటే ఎర్తింగ్ లేనట్టే. రేకు రిఫ్లెక్టర్‌కు, మెటల్ బాడీకి విడిగా ఎర్త్ వైరు ఉండాలి. డెవలపర్ ట్రేలు పక్కనే పెట్టుకుని తడిచేత్తో స్విచ్ వేసే పని ఇది, కాబట్టి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా బాక్స్ వాడొద్దు. ఎంసీబీ (ఓవర్‌లోడ్ అయితే పడిపోయే స్విచ్) షాక్ నుంచి కాపాడదు. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

వానాకాలంలో నెగెటివ్ కోటింగ్‌కు అతుక్కుపోవడం

గాలిలో తేమ 50-60 శాతం ఉంటే ప్రింటుకు మంచిది. అది దాటితే కాగితాన్ని ఇంకాసేపు ఆరనిచ్చి, నెగెటివ్‌కూ కాగితానికీ మధ్యలో పలుచటి పారదర్శక మైలార్ (ప్లాస్టిక్) షీటు పెట్టండి.

ట్యూబు పగిలింది

లోపల పాదరసం ఉంటుంది. కిటికీలు తెరిచి కొంతసేపు బయటకు వెళ్లండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు. గ్లవ్స్ వేసుకుని ముక్కల్ని అట్టముక్కతో ఎత్తి, పొడిని టేపుతో అద్ది, అంతా మూత ఉన్న డబ్బాలో వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.