మెట్ల మీద కుదుపు ఎలా పోయిందంటే

నెలనెలా డబ్బు కట్టి నా యానిమేషన్‌ను నిలబెడుతున్నవాళ్లకు మొన్న కొత్త ఫ్యాన్ వీడియో పంపాను. చిన్నప్పటి నుంచి నాకు ప్రాణమైన కార్టూన్ పాత్ర మా తిరుపతికొచ్చి అలిపిరి మెట్లెక్కుతుంది, అంతే కథ.

గంటలోనే ఒకరు, ‘అన్నా, నడక కుదుపుతోంది’ అన్నారు. టెన్షన్ పట్టుకుంది. ఫ్రేము ఫ్రేముగా, అంటే వీడియోలో కదలకుండా కనిపించే ఒక్కో చిత్రంగా, ఆపి చూశాను. పాదం మెట్టు మీద ఆనేచోట ఒక బొమ్మ రెండు ఫ్రేములుంటే పక్కది మూడు ఉంటోంది! నేను గీసింది సెకనుకు 12 బొమ్మలు, ఒక్కోటి రెండు ఫ్రేములు, మొత్తం 24. వీడియో ఫైలుగా బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్ మాత్రం సెకనుకు 30 ఫ్రేముల్లో ఉండిపోయింది. ఆ లోటు పూడ్చడానికి సాఫ్ట్‌వేర్ ప్రతి నాలుగో ఫ్రేమును రెండుసార్లు వేసింది.

24కి మార్చి, ఫోన్‌లో చూసుకుని, ఆ రాత్రే అందరికీ మళ్లీ పంపాను. చెప్పినాయనకు ముందుగా.